స్త్రీలు, సైకిలు, గ్రామ పంచాయతీ
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశములలో చర్చకు వచ్చు విషయములు మీకు నేను చెప్పవలసినవి కావు. మంచినీరు, వీధిదీపములు, మురుగు కాలువలు, పన్నుల వసూలు, వీనితోనే ప్రొద్దు గడచిపోవును. వీని నడుమ స్త్రీలకు సైకిలు నేర్పుట, వారికి సైకిలు పందెములు పెట్టుట అను మాట చెప్పినచో కొందరికి నవ్వు రావచ్చును. ఉన్న పనులకే నిధులు చాలనప్పుడు ఈ వేడుక యేల అని అడుగువారును ఉండవచ్చును. వారికి నా మనవి ఒక్కటే. మీ గ్రామమున ఉన్న బడిలో చదువు ముగించిన బాలికలు ఎందరో, వారిలో పొరుగూరి ఉన్నత పాఠశాలకు వెళ్లుచున్నవారు ఎందరో ఒక్కసారి లెక్క చూడుడు. ఆ రెండు సంఖ్యల నడుమ అంతరము ఎంత ఉన్నదో, ఈ విషయమునకు ప్రాముఖ్యము అంత ఉన్నది.

పొరుగూరి బడి మూడు నాలుగు కిలోమీటర్లు ఉండును. బాలుడైనచో తండ్రి సైకిలు తీసికొని, సీటు అందకపోయినను కడ్డీ క్రింద కాలు దూర్చి త్రొక్కుచు వెళ్లును. వానికి ఎవరును నేర్పలేదు. పడి లేచి నేర్చుకొనినాడు. పడినప్పుడు నవ్విన వారే గాని వలదన్న వారు లేరు. బాలికయైనచో నడచి పోవలెను. నడకకు తోడు కావలెను. తోడు దొరకని దినమున బడి మానవలెను. మానిన దినములు పెరిగి తుదకు చదువే మానవలసి వచ్చును. చదువు మానిన మరుసటి సంవత్సరమే ఇంటిలో పెండ్లి మాట మొదలగును. ఇదంతయు దూరము చేసిన పని అని మనము అనుకొందుము. కాని అదే దూరము ఆమె అన్నను ఆపలేదు గదా! ఆ దూరమును దాటు నేర్పు ఒకరికి ఉండి, మరియొకరికి లేకపోవుటయే అసలు కారణము.

బీహారు చేసిన ప్రయత్నము

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. బీహారు రాష్ట్ర ప్రభుత్వము 2006వ సంవత్సరమున ఒక పథకమును ప్రారంభించెను. ప్రభుత్వ పాఠశాలలలో తొమ్మిదవ తరగతి చేరిన బాలికలకు సైకిలు కొనుటకై 2,000 రూపాయల చొప్పున ఇచ్చిరి. దాని ఫలితములను కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అను ఆర్థిక శాస్త్రజ్ఞులు శ్రద్ధతో పరిశీలించి 2017లో ప్రకటించిరి. తగిన వయస్సున ఉన్నత పాఠశాలలో చేరిన బాలికల సంఖ్య సుమారు 32 శాతము పెరిగినదనియు, ఈ విషయమున బాలబాలికల నడుమనున్న అంతరము సుమారు 40 శాతము తగ్గినదనియు వారు తేల్చిరి. బడి మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరమున ఉన్న గ్రామములలోనే ఈ మేలు ఎక్కువగా కనిపించెను. అనగా, పనిచేసినది సైకిలే.

మన ఆంధ్రప్రదేశములోను 'బడికొస్తా' అను పేరుతో ప్రభుత్వ పాఠశాలలలో తొమ్మిదవ తరగతి చదువు బాలికలకు సైకిళ్లు పంచిన కాలము కలదు. ఇట్టి పథకములు మెచ్చదగినవే. అయితే సైకిలు ఇచ్చుట వేరు, సైకిలు త్రొక్కగల బాలికను తయారు చేయుట వేరు. త్రొక్కుట రాని బాలికకు ఇచ్చిన సైకిలు అన్నకో, తమ్మునికో చేరును. త్రొక్కుట వచ్చినను, "నలుగురు ఏమనుకొందురో" అని ఇంటివారు జంకినచో అది వసారాలో తుప్పు పట్టును. సైకిలును ప్రభుత్వము పంపగలదు. ఆ నలుగురి మాటను మార్చగలిగినది మాత్రము గ్రామమే. గ్రామము పక్షమున మాటాడు అధికారము కలిగినది పంచాయతీయే.

పుదుక్కోట్టై చూపిన దారి

నలుగురి మాటను ఎట్లు మార్చవచ్చునో మన పొరుగు రాష్ట్రమైన తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా చూపినది. అక్కడ 1991లో 'అరివొళి ఇయక్కం' అను అక్షరాస్యతా ఉద్యమము ప్రారంభమయ్యెను. జ్ఞానజ్యోతి ఉద్యమమని ఆ పేరునకు అర్థము. అప్పటి జిల్లా కలెక్టరు శ్రీమతి షీలా రాణి చుంకత్ గారు ఒక సంగతిని గుర్తించిరి. చదువు చెప్పు స్త్రీలు ఒక పల్లెనుండి మరియొక పల్లెకు పోవలెనన్న బస్సు కొరకో, తోడు కొరకో ఎదురుచూడవలసి వచ్చుచుండెను. అందువలన అక్షరములతోపాటు సైకిలును నేర్పుట ఉద్యమములో భాగమయ్యెను. స్త్రీలు సైకిళ్లు కొనుకొనుటకు బ్యాంకులు అప్పులిచ్చునట్లు కూడ కలెక్టరుగారు ప్రయత్నించిరి.

నేర్చుకొనిన వారు ఎవరు? వ్యవసాయ కూలీలు, రాతి క్వారీలలో పనిచేయు స్త్రీలు, పల్లె ఉపాధ్యాయినులు, అంగన్వాడీ కార్యకర్తలు. పాత్రికేయులు పి. సాయినాథ్ గారు ఆ జిల్లాకు వెళ్లి వ్రాసిన ప్రకారము, ఏడాదిన్నర కాలములో లక్షకు పైగా స్త్రీలు సైకిలు నేర్చుకొనిరి. పదేండ్లలోపు బాలికలను విడిచి లెక్కించినచో, జిల్లా గ్రామీణ స్త్రీలలో ఇది నాల్గవ వంతు. ఆడవారి సైకిళ్లు దొరకక కొందరు మగవారి సైకిళ్లే త్రొక్కిరి. ముందు కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని అవే మేలని అన్నవారును కలరు. పొలము పండించిన సరుకును తామే అమ్ముకొని వచ్చుటకు, నీరు తెచ్చుకొనుటకు, బస్సు కొరకు కాచు కాలమును మిగుల్చుకొనుటకు సైకిలు వారికి అక్కరకు వచ్చెను.

ఇందులో మీరు ముఖ్యముగా గమనింపవలసినది ఒకటున్నది. ఆ లక్ష మందిలో 70,000 మందికి పైగా స్త్రీలు బహిరంగముగా జరిగిన ప్రదర్శనలలో, పోటీలలో పాల్గొనిరి. అనగా చాటుగా నేర్చుకొని ఊరకుండలేదు. ఊరి నడుమ, అందరు చూచుచుండగా త్రొక్కిరి. ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పినారు. ఈ విషయమున మాత్రము రచ్చ గెలిచినగాని ఇంట గెలుపు నిలువదు. ఒక్క యువతి సైకిలెక్కినచో ఊరు ఆమెను వేలెత్తి చూపును. నలుబదిమంది ఒకే ఉదయమున పంచాయతీ కార్యాలయము ముందు సైకిళ్లెక్కి, సర్పంచి పచ్చజెండా ఊపినచో ఊరు చప్పట్లు కొట్టును. మరునాడు ఆమె బడికి సైకిలుపై వెళ్లినప్పుడు అడుగువారు ఉండరు. అందువలన పందెము వృథావ్యయము కాదు. అది గ్రామము తన స్త్రీలకు బహిరంగముగా ఇచ్చు అంగీకారము.

పందెములో స్త్రీల స్థానము

స్త్రీలు పందెములకు తగరను మాట ఒక్క మన దేశమున పుట్టినది కాదు. ఒలింపిక్ క్రీడలలో సైకిలు పందెము 1896 నుండియు ఉన్నది. కాని స్త్రీలకు ఆ క్రీడలలో చోటు దొరకినది 1984లో, లాస్ ఏంజెలిస్ నగరమున. అంతకు ముందు 1958లో ఫ్రాన్సు దేశములోని రీమ్స్ పట్టణమున స్త్రీలకు తొలి ప్రపంచ రోడ్డు పందెము జరిగినప్పుడు లక్సెంబర్గు అను చిన్న దేశమునకు చెందిన ఎల్సీ జాకబ్స్ గెలిచెను.

మన పల్లెవారికి ఇంకను దగ్గరగా తోచు కథ ఇంగ్లండులోని బెరిల్ బర్టన్‌ది. చిన్ననాట జబ్బుపడిన ఆమెను వైద్యులు శ్రమ చేయవలదనిరి. పెద్దదై ఆమె కాడకూర పండించు తోటలో పనిచేసెను. బిడ్డను పెంచుచు, మిగిలిన వేళలలో సైకిలు సాధన చేసెను. 1967లో పండ్రెండు గంటల పందెములో ఆమె 277.25 మైళ్లు, అనగా సుమారు 446 కిలోమీటర్లు త్రొక్కెను. అదే పందెములో ఆమెకంటె ముందు బయలుదేరిన పురుషులలో మొదటివాడైన మైక్ మెక్‌నమారాను దాటుచు, చేతిలోనున్న అతిమధురపు మిఠాయి ఒకటి అతనికి అందించెనట. అతడును తీసికొని తినెనట. పురుషుల రికార్డును మించిన ఆ దూరమును పురుషులు అందుకొనుటకు రెండేండ్లు పట్టినది. స్త్రీలలో అది ఏబది సంవత్సరములు నిలిచినది.

మన దేశమున అండమాన్ నికోబార్ దీవులకు చెందిన డెబోరా హెరాల్డ్ 2004 సునామీ వచ్చినప్పుడు చిన్న బాలిక. చెట్టు నాశ్రయించి ప్రాణము దక్కించుకొనిన ఆమె, 2015లో 500 మీటర్ల సైకిలు పందెమున ప్రపంచములో నాల్గవ స్థానమునకు చేరెను. తెలుగువారికి దగ్గరలో, 2002 జాతీయ క్రీడల కొరకు హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమున సైకిలు పందెముల ప్రత్యేక మైదానమును నిర్మించిరి. మీ ఊరి బాలికలందరు అక్కడికే పోవలెనని నేననను. పోదగిన బాలిక ఒకతె ఉన్నచో, మీ ఊరి పందెమున గాని ఆమె బయటపడదు.

సందేహములు

"వయస్సు వచ్చిన పిల్లకు సైకిలు ఆరోగ్యమునకు చేటు" అని కొందరు పెద్దలు చెప్పుదురు. దీనికి వైద్యశాస్త్రమున ఆధారము లేదు. తగిన సైకిలుపై సాధన చేసినచో గుండెకు, కండరములకు మేలే కలుగును. "ఈ దుస్తులతో ఎట్లు త్రొక్కును?" అని మరికొందరు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. చీరచెంగు గాని, చున్నీ గాని, ఓణీ గాని చక్రములో చిక్కుకొనినచో ఘోరప్రమాదము జరుగును. ఆ ప్రమాదమునకు జవాబు సైకిలు మాన్పించుట కాదు. చెంగును నడుమునకు బిగించుట, చున్నీని వెనుకకు ముడివేయుట, చైనుకు కవరు, వెనుక చక్రమునకు వల బిగించుట. "ఇప్పుడు స్కూటీలు వచ్చినవి గదా, సైకిలెందుకు?" అనువారును కలరు. పదమూడేండ్ల బాలికకు లైసెన్సు ఎవరును ఈయరు. కూలికి పోవు తల్లికి పెట్రోలు ఖర్చు ఎవరును పెట్టరు. పైగా సైకిలుపై నిలకడ వచ్చినవారికి రేపు స్కూటరు నేర్చుకొనుట సులభము.

నేర్పు విధానము

పెద్దవయస్సువారికి సైకిలు నేర్పుటకు వెనుకనుండి సీటు పట్టుకొని పరుగెత్తుట మన ఊళ్లలో వాడుక. స్త్రీలకు ఇది ఇబ్బందికరము. పట్టుకొను చేయి విడిచిన క్షణమున భయమును కలిగించును. ఇంతకంటె సులభమైన పద్ధతి ఉన్నది. ముందు సీటును బాగుగా దించి, కూర్చున్నవారి రెండు పాదములు నేలపై పూర్తిగా ఆనునట్లు చేయవలెను. పెడళ్లు రెండును ఊడదీయవలెను. ఎడమ పెడలు మర తిరుగుడు కుడిదానికి విరుద్ధముగా ఉండునని మరువరాదు. తరువాత నేర్చుకొను ఆమె సీటుపై కూర్చుండి, పాదములతో నేలను నెట్టుచు నడవవలెను. క్రమముగా రెండు పాదములు ఎత్తి కొంతదూరము జారిపోవలెను. కొద్ది వాలు ఉన్న గట్టినేల ఇందుకు అనువు. పడిపోవుచున్న వైపునకే హ్యాండిలు కొద్దిగా త్రిప్పినచో సైకిలు నిలుచునని ఆమె దేహమునకు తెలియుటయే నేర్పు అంతయు. చూపు ముందుచక్రముపై కాక, పది గజముల ముందు ఉండవలెను.

నిలకడ వచ్చిన తరువాత పెడళ్లు బిగించి, బ్రేకులు నేర్పవలెను. రెండు బ్రేకులను కలిపి మెల్లగా పట్టవలెను. ముందు బ్రేకును మాత్రము ఒక్కసారిగా నొక్కినచో మనిషి తలక్రిందుగా పడును. రోజుకొక గంట చొప్పున నేర్పినచో వారము పదిదినములలో చాలమంది నేర్చుకొందురు. నేర్పువారు స్త్రీలే అయినచో మేలు. మొదట నేర్చిన ఐదుగురు మరి ఐదుగురికి నేర్పవలెను. పుదుక్కోట్టైలోను నేర్చినవారే నేర్పిరి. పంక్చరు వేయుట, చైను ఎక్కించుట, బ్రేకులు బిగించుట కూడ నేర్పుట అవసరము. దారిలో చైను ఊడినచో నిలిచిపోవు బాలికకు మీరు సగము స్వాతంత్ర్యమునే ఇచ్చినవారగుదురు.

పందెము పెట్టు విధానము

తొలి సంవత్సరము అందరిని ఒకేసారి గుంపుగా వదలవలదు. గుంపులో ఒకరి చక్రము మరియొకరిదానికి తగిలి పడుదురు. దానికి బదులు నేర్పును పరీక్షించు పోటీలు పెట్టుడు. ముప్పది మీటర్ల దూరమును కాలు నేలనానకుండ అందరికంటె ఆలస్యముగా దాటుట ఒకటి. వరుసగా పెట్టిన ఇటుకల నడుమ వంకరటింకరగా పోవుట ఒకటి. ఒక చేయి విడిచి సంజ్ఞ చేయుచు మలుపు తిరుగుట ఒకటి. సున్నముతో గీసిన గడిలో సైకిలు నాపుట ఒకటి. ఈ పోటీలలో నలుబదేండ్ల తల్లి పదునాలుగేండ్ల కూతురిని గెలువవచ్చును. అట్లు గెలిచినచో ఊరికంతయు పండుగ.

వేగపు పందెమునకు నిమిషమున కొకరి చొప్పున వదలి, ఎవరు ఎంత కాలములో చేరిరో గడియారముతో చూచు పద్ధతి క్షేమకరము. మూడు కిలోమీటర్లు చాలును. బాలికలకు, యువతులకు, నడివయస్సు వారికి వేరువేరు తరగతులు ఉంచుడు. అందరును సాధారణ సైకిళ్లనే త్రొక్కవలెనని నియమించుడు. లేనిచో ధనము గెలుచును గాని నేర్పు గెలువదు. రెండవ, మూడవ సంవత్సరమున, దగ్గరదగ్గరగా త్రొక్కుట సాధన చేసినవారికి గుంపు పందెము పెట్టవచ్చును. ముందు పోవువారి వెనుక నీడవలె పోయినచో గాలి తాకిడి తగ్గి శ్రమ తగ్గునని, బరువుగా త్రొక్కుటకంటె తేలికగా, వడిగా పెడలు త్రిప్పుట మేలని అప్పుడు వారికి తెలియును.

పందెము సూర్యోదయ వేళ జరుపుడు. పోలీసువారికి ముందుగా తెలిపి అనుమతి పొందుడు. దారిలో బండ్లు రాకుండ ప్రతి మలుపున ఒకరిని నిలుపుడు. శిరస్త్రాణము లేనివారిని బయలుదేరనీయవలదు. బ్రేకులు, చైను, చక్రముల గాలి పరీక్షించిన తరువాతనే వదలుడు. త్రాగునీరు, ప్రథమచికిత్స సామగ్రి సిద్ధముగా ఉంచుడు.

పంచాయతీ చేయవలసిన పని

ఇందుకు పెద్ద మొత్తములు అవసరము లేదు. మొదటిది, వారమున కొన్ని దినములు బడి మైదానమును ఒక గంటసేపు స్త్రీల సైకిలు శిక్షణకు ప్రత్యేకించుచు తీర్మానము చేయుడు. ఆ గంటలో ఆకతాయిలు గుమిగూడకుండ చూచు బాధ్యత సభ్యులలో ఒకరు వహింపవలెను. రెండవది, స్వయం సహాయక సంఘములతో సంప్రదించి నాలుగైదు సైకిళ్లు ఉమ్మడిగా సమకూర్చుడు. మూడవది, బడికి పోవు దారిని మీరు స్వయముగా ఒకసారి సైకిలుపై పోయి చూడుడు. గుంతలు ఎక్కడ ఉన్నవో, సర్కారు తుమ్మ ముండ్లు ఎక్కడ పరచుకొన్నవో, సాయంకాలము ఏ మలుపు చీకటిగా ఉండునో జీపులో పోవువారికి తెలియదు. ఆ దారిని బాగుచేయుట మీ మామూలు పనియే. నాల్గవది, సంవత్సరమున కొకసారి పందెము జరిపి, గెలిచినవారికే గాక ఆ యేడు కొత్తగా నేర్చిన ప్రతి స్త్రీకిని సభలో పేరు పిలిచి గౌరవము చూపుడు.

నేడు మన రెండు తెలుగు రాష్ట్రములలోను పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడి ఉన్నవి. ఈ సభలో కూర్చున్న సోదరీమణులకు నా ప్రత్యేకమైన మనవి. మండల సమావేశమునకు రావలెనన్న భర్త మోటారుసైకిలు కొరకో, కుమారుని తీరిక కొరకో వేచియుండుట మీలో కొందరికి అనుభవమే. వేచియున్నవారు ఆలస్యముగా వచ్చెదరు. తోడు వచ్చినవాడు తొందరపెట్టినచో ముందుగా లేచిపోయెదరు. ఆ నడుమ జరిగిన తీర్మానములలో మీ మాట ఉండదు. కావున తొలి శిక్షణలో తొలి పేరు మీదే వ్రాయించుడు. వార్డు సభ్యురాలు మైదానమున పడి, దుమ్ము దులుపుకొని మరల సైకిలెక్కినది చూచిన బాలికకు వేరు ఉపన్యాసము అవసరము లేదు.

నేను మొదట అడిగిన లెక్కను పంచాయతీ పుస్తకమున ఈ సంవత్సరమే వ్రాసి ఉంచుడు. బడి ముగించిన బాలికలు ఎందరు, పొరుగూరి బడికి వెళ్లినవారు ఎందరు, సైకిలు త్రొక్కగల స్త్రీలు ఎందరు. మూడేండ్ల తరువాత అదే పుట తెరచి మరల లెక్కించుడు. మీరు చేసిన పని మంచిదో కాదో ఆ మూడు అంకెలే చెప్పును.